ఆల్డిహైడ్లు, కీటోనులు – మెట్టపొలంలో కనిపించే కొన్ని చర్యలు

(బి.ఎస్సి. చివరి సంవత్సరం విద్యార్థి)

ఆర్గానిక్ కెమిస్ట్రీలో ఆల్డిహైడ్లు, కీటోనుల పాఠం అనగానే మనలో చాలామందికి గుర్తొచ్చేది ఒక పెద్ద పట్టిక. టాలెన్స్ కారకంతో వెండి అద్దం, ఫెహ్లింగ్ ద్రావణంతో ఎర్రని అవక్షేపం, డి.ఎన్.పి.తో నారింజ రంగు. పరీక్ష ముందు రాత్రి బట్టీ పట్టడం, ప్రాక్టికల్స్ అయిపోగానే మర్చిపోవడం. నేనూ అంతే చేశాను.

అయితే ఒకరోజు క్లాసులో మాస్టారు హైడ్రోజన్ సయనైడ్ సంకలన చర్య బోర్డు మీద రాసి, మధ్యలో ఒక బాణం బదులు ఎదురెదురుగా రెండు బాణాలు గీశారు. “ఇది వెనక్కి కూడా నడుస్తుందర్రా” అని ఒక్క మాట అని తర్వాతి చర్యకు వెళ్లిపోయారు. ఆ వెనక్కి నడిచే చర్యే మా ఇంట్లో ఒక పడ్డను చంపిందని నాకప్పుడు తెలియదు. తర్వాత లైబ్రరీలో కూర్చుని చదువుకుంటుంటే తెలిసింది. ఆ విషయం తోటి విద్యార్థులతో పంచుకుందామనే ఈ వ్యాసం.

మాది జగ్గయ్యపేట, నందిగామల మధ్య ఒక పల్లె. ఈ ప్రాంతం 2022లో ఎన్.టి.ఆర్. జిల్లాలోకి వెళ్లినా, మా పెద్దలు ఇప్పటికీ “కృష్ణా జిల్లా మెట్ట” అనే అంటారు. పత్తి, మిరప మా పైర్లు. జొన్న మునుపంతగా వెయ్యకపోయినా పశువుల మేత కోసం చల్లుతూనే ఉంటారు. ఒక ఏడు వానలు మొహం చాటేశాయి. చొప్ప కోసిన మోళ్లు అలాగే ఎండుతుండగా ఒక చిన్న జల్లు పడింది. నాలుగు రోజుల్లో మోళ్లకు పచ్చటి పిలకలు లేచాయి. చూడటానికి ముచ్చటగా ఉన్నాయి. ఒక సాయంత్రం మా పడ్డ పలుపు విప్పుకుని వెళ్లి ఆ పిలకలు మేసింది. మేం చూసేసరికి నోట నురుగు, ఎగశ్వాస. చూస్తుండగానే కాళ్లు తన్నుకుని పడిపోయింది. డాక్టరు కోసం మనిషి బయలుదేరేలోపే ప్రాణం పోయింది. “నాము తిన్నదిరా, ఇంకేం చేస్తాం” అన్నారు చుట్టుపక్కలవాళ్లు. ఆ రోజు పలుపు ముడి వేసింది నేనే.

నాము అంటే ఏమిటి? దీనికి జవాబు కావాలంటే ముందు కార్బొనిల్ సమూహం దగ్గర మొదలుపెట్టాలి.

కార్బొనిల్ సమూహం – దాని స్వభావం

ఆల్డిహైడ్లకీ, కీటోనులకీ ప్రమేయ సమూహం ఒకటే. కార్బన్‌కూ ఆక్సిజన్‌కూ మధ్య ద్విబంధం. దీన్నే కార్బొనిల్ సమూహం అంటాం. ఆ కార్బన్‌కు ఒక పక్కన కనీసం ఒక హైడ్రోజన్ ఉంటే అది ఆల్డిహైడ్. రెండు పక్కలా కార్బన్లే ఉంటే కీటోను. తేడా అంతే. కాని ఆ ఒక్క హైడ్రోజన్ వల్ల ఎంత తేడా వస్తుందో ముందు ముందు చూద్దాం.

ఆక్సిజన్‌కు ఋణవిద్యుదాత్మకత ఎక్కువ. ద్విబంధంలోని ఎలక్ట్రానులను తనవైపు లాక్కుంటుంది. అందువల్ల కార్బన్ మీద కొద్దిగా ధనావేశం, ఆక్సిజన్ మీద కొద్దిగా ఋణావేశం ఏర్పడతాయి. ఎలక్ట్రాను జంట ఉన్న ఏ న్యూక్లియోఫైల్ వచ్చినా నేరుగా ఆ కార్బన్ మీదికే వెళుతుంది. ఈ ఒక్క వాక్యం అర్థమైతే పాఠంలో సగం వచ్చినట్లే.

ఇక వేగం సంగతి. ఫార్మాల్డిహైడ్ అన్నిటికంటే చురుకు, తర్వాత ఎసిటాల్డిహైడ్, ఆ తర్వాత ఎసిటోన్. దీనికి రెండు కారణాలు. పక్కనున్న ఆల్కైల్ సమూహాలు ఎలక్ట్రానులను కొంత అందించి కార్బన్ మీది ధనావేశాన్ని తగ్గిస్తాయి. అవే సమూహాలు చుట్టూ చోటు ఇరుకు చేసి న్యూక్లియోఫైల్‌కు దారి ఇవ్వవు. కీటోనుకు రెండు పక్కలా ఈ అడ్డం ఉంది, ఆల్డిహైడ్‌కు ఒక పక్కనే.

ఇక్కడ ఒక సందేహం వస్తుంది. జగ్గయ్యపేట చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు వాడే సున్నపురాయి కాల్షియం కార్బొనేటు. కార్బొనేటు బొమ్మ వేస్తే అందులోనూ కార్బన్–ఆక్సిజన్ ద్విబంధం కనిపిస్తుంది కదా, మరి అది డి.ఎన్.పి. పరీక్ష ఎందుకివ్వదు? కార్బొనేటులో మూడు ఆక్సిజన్లూ ఆ ద్విబంధాన్ని రెజొనెన్స్ ద్వారా సమంగా పంచుకుంటాయి. కార్బన్ మీద ఎలక్ట్రానుల లోటు తీరిపోతుంది. కార్బాక్సిలిక్ ఆమ్లాల సంగతీ దాదాపు ఇంతే. బొమ్మలో ద్విబంధం ఉన్నంత మాత్రాన కార్బొనిల్ గుణం ఉన్నట్లు కాదు.

హైడ్రోజన్ సయనైడ్ సంకలనం – నాము రహస్యం

ఆల్డిహైడ్‌కు హైడ్రోజన్ సయనైడ్ కలిస్తే సయనోహైడ్రిన్ ఏర్పడుతుంది. సయనైడ్ అయాన్ కార్బన్‌కు అంటుకుంటుంది, ఆక్సిజన్ ఒక ప్రోటానును తీసుకుంటుంది. ఎసిటోన్‌తో ఈ చర్యను పరిశీలించి, కొద్దిగా క్షారం ఉంటే వేగం పెరుగుతుందనీ, ముందు దాడి చేసేది సయనైడ్ అయానేననీ ఆర్థర్ లాప్‌వర్త్ 1903లో చూపించాడు. ఒక సేంద్రియ చర్య ఏ మెట్టు తర్వాత ఏ మెట్టుగా జరుగుతుందో తేల్చి చెప్పిన తొలి పరిశోధనల్లో అది ఒకటి.

దానికి ఒక్క ఏడాది ముందు, 1902లో, ఇంగ్లండులో డన్‌స్టన్, హెన్రీ అనే ఇద్దరు లేత జొన్న మొక్కలోంచి ఒక పదార్థాన్ని వేరు చేశారు. దాని పేరు డురిన్. అది వేరే ఏమీ కాదు, మన పాఠంలోని సయనోహైడ్రినే. పారాహైడ్రాక్సీ బెంజాల్డిహైడ్‌కు హైడ్రోజన్ సయనైడ్ కలిస్తే వచ్చే సయనోహైడ్రిన్‌కు ఒక గ్లూకోజు అణువును తొడిగితే డురిన్ అవుతుంది. ఆ గ్లూకోజు తాళంకప్ప లాంటిది. అది ఉన్నంతసేపూ చర్య వెనక్కి నడవదు, మొక్కకు ఏ ప్రమాదమూ లేదు. తాళం తీసే ఎంజైమును జొన్న మొక్క వేరే చోట దాచుకుంటుంది. కప్ప కొట్టంలో, చెవి ఇంట్లో అన్నమాట.

పశువు ఆకు నమలగానే రెండూ కలుస్తాయి. గ్లూకోజు ఊడిపోతుంది. మిగిలిన సయనోహైడ్రిన్‌కు ఆమ్లంలోనే నిలకడ. పశువు పెద్ద పొట్టలో ఆమ్లత్వం తక్కువ, దాదాపు తటస్థంగా ఉంటుంది. అందుకని మాస్టారు గీసిన రెండో బాణం పని మొదలుపెడుతుంది.

సయనోహైడ్రిన్ → పారాహైడ్రాక్సీ బెంజాల్డిహైడ్ + హైడ్రోజన్ సయనైడ్

విడుదలైన సయనైడ్ రక్తంలో చేరి, కణాల్లో ఆక్సిజన్‌ను వాడుకునే సైటోక్రోమ్ ఆక్సిడేజ్ అనే ఎంజైమును పట్టేస్తుంది. ఊపిరితిత్తుల్లో గాలి ఉంది, రక్తంలో ఆక్సిజన్ ఉంది, కాని కణం దాన్ని వాడుకోలేదు. అందుకే ఎగశ్వాస. అందుకే రక్తం మామూలుకంటే ఎర్రగా కనిపిస్తుంది. నెమరువేసే పశువులకు ఈ ప్రమాదం గుర్రాలకంటే, పందులకంటే ఎక్కువ. వాటికి జీర్ణాశయంలోని ఆమ్లం ఆ ఎంజైమును చాలావరకు అడ్డుకుంటుంది.

డురిన్ లేత మొక్కలో, కోసిన మోళ్ల పిలకల్లో, వానలేక వాడిపోయిన పైరులో ఎక్కువగా ఉంటుంది. మొక్క ముదిరేకొద్దీ తగ్గుతుంది. కాబట్టి జొన్న మేతను పూతకు వచ్చాకే వెయ్యాలి. బెట్టకు వచ్చిన పైరుకు నీరు కట్టి, కోలుకున్నాకే కొయ్యాలి. ముదిరిన చొప్పను బాగా ఎండబెట్టి వేస్తే ప్రమాదం ఇంకా తగ్గుతుంది. ఇవేవీ మా పెద్దలకు తెలియనివి కావు. వాళ్లకు ఫలితం తెలుసు, కారణం తెలియదు.

ఇంకొక సంగతి. దీనికి విరుగుడు ఉంది. పశువైద్యులు ఇంజెక్షనుగా ఇచ్చేది సోడియం థయోసల్ఫేటు, దానితోపాటు తగిన మోతాదులో సోడియం నైట్రైటు. థయోసల్ఫేటు అంటే మనం అయొడిన్ టైట్రేషన్లలో బ్యూరెట్‌లో నింపుకునే హైపోయే! అందులోని గంధకం సయనైడ్‌కు చేరి థయోసయనేటు అవుతుంది. దాని విషం చాలా తక్కువ, మూత్రంలో బయటికి పోతుంది. అయితే ఇది వైద్యుడు చెయ్యవలసిన పని, లేబొరేటరీ సీసా పట్టుకుని మనం పరుగెత్తే పని కాదు. మనం చెయ్యగలిగింది నాము లక్షణాలు పోల్చుకుని క్షణం ఆలస్యం చెయ్యకుండా కబురు పెట్టడం. అది తెలియకే మేం ఆ సాయంత్రం దిష్టి తీస్తూ కూర్చున్నాం.

నీరు పోగొట్టే చర్యలు – పత్తిగింజ సంగతి

ఇప్పుడు రెండో తరగతి చర్యలు. ఎమీన్, హైడ్రాక్సిల్ ఎమీన్, ఫినైల్ హైడ్రజీన్ లాంటివి కార్బొనిల్ కార్బన్‌కు ముందు కలుస్తాయి, తర్వాత ఒక నీటి అణువు బయటికి పోతుంది. ఆక్సిజన్ ఉన్నచోట నైట్రోజన్‌తో ద్విబంధం ఏర్పడుతుంది.

ఆల్డిహైడ్ + ఎమీన్ → షిఫ్ క్షారం + నీరు

ప్రాక్టికల్స్‌లో 2,4–డైనైట్రో ఫినైల్ హైడ్రజీన్ పోసినప్పుడు పడే పసుపు, నారింజ అవక్షేపం ఈ చర్యదే. ఆల్డిహైడ్ అయినా కీటోను అయినా ఇస్తుంది కనుక కార్బొనిల్ ఉందని చెప్పే మొదటి పరీక్ష ఇదే.

ఇక మా నాయనమ్మ సంగతి. ఈనిన గేదెకు పత్తిగింజలు నానబెట్టి, రుబ్బి, కుడితిలో కలిపి పెట్టేది. పాలలో వెన్న బాగా వస్తుందని నమ్మకం. దూడ ఆ గోలెంలో మూతి పెట్టబోతే మాత్రం చెవి పట్టుకుని లాగేసేది. “దానికి పడదురా, వేడి” అనేది. ఆ వేడికి కెమిస్ట్రీలో పేరు గాసిపోల్.

పత్తిగింజను అడ్డంగా కోసి చూడండి. పప్పులో నల్లటి చుక్కలు కనిపిస్తాయి. అవి గ్రంథులు. వాటిలో ఉండే పసుపుపచ్చని పదార్థం గాసిపోల్, పురుగుల నుంచి మొక్క తనకు తాను ఏర్పరచుకున్న రక్షణ. 1899లో మార్ఖ్‌లెవ్‌స్కీ దీన్ని స్ఫటికాలుగా వేరు చేశాడు. 1938లో రోజర్ ఆడమ్స్ బృందం దీని నిర్మాణం తేల్చింది. ఒక్కొక్క అణువులో రెండు ఆల్డిహైడ్ సమూహాలున్నాయి. బి.టి. పత్తి వచ్చాక కూడా గింజలో గాసిపోల్ పోలేదు, ఆ మార్పు వేరు, ఇది వేరు.

స్వేచ్ఛగా ఉన్న గాసిపోల్ గుండెకు, కాలేయానికి చేటు. పెద్ద గేదె పొట్టలో గాసిపోల్ ఆల్డిహైడ్ సమూహాలు ప్రోటీనుల ఎమీన్ సమూహాలతో కలిసి చాలావరకు బంధింపబడతాయి. బంధించిన గాసిపోల్ రక్తంలోకి అంతగా వెళ్లదు. దూడకు ఆ పెద్ద పొట్ట ఇంకా పనిలోకి రాలేదు, కాబట్టి దానికి రక్షణ లేదు. కోళ్లకూ లేదు. పత్తిచెక్క ఎక్కువ తిన్న కోడి గుడ్డులో పచ్చసొన గాసిపోల్, ఇనుము కలయిక వల్ల ఆకుపచ్చకు తిరగవచ్చు. అలాగని పెద్ద గేదెకు ఎంతైనా పెట్టవచ్చని కాదు, మోతాదు మించితే దానికీ ముప్పే.

మిల్లులో గింజను ఉడికించి నూనె తీసినప్పుడు కూడా ఇదే షిఫ్ చర్య జరుగుతుంది. గాసిపోల్ ప్రోటీనులోని లైసీన్ అనే ఎమినో ఆమ్లాన్ని పట్టుకుంటుంది. విషం తగ్గుతుంది, కాని పశువుకు అందవలసిన లైసీన్ కూడా తగ్గుతుంది. ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో తీసుకున్నట్లు. ప్రయోగశాలలో నూనెకు ఎనిలీన్ కలిపి గాసిపోల్‌ను డైఎనిలినో గాసిపోల్‌గా మార్చి కొలుస్తారు. మన షిఫ్ క్షారమే మళ్లీ.

శుద్ధిచేసిన పత్తిగింజల నూనెకు ఈ భయం లేదు. గాసిపోల్‌కు ఫినాలు గుణం కూడా ఉంది కనుక క్షారంతో కడిగినప్పుడు లవణమై మడ్డితోపాటు పోతుంది. ముడినూనె సంగతి వేరు. 1950లలో చైనాలో ముడి పత్తిగింజల నూనె వాడిన కొన్ని పల్లెల్లో సంతానం కలగకపోవడం గమనించారు. 1970లలో అక్కడ వేలమంది పురుషులపై గాసిపోల్‌ను గర్భనిరోధకంగా పరీక్షించారు. కొందరిలో రక్తంలో పొటాషియం పడిపోయింది, కొందరికి సంతానశక్తి మళ్లీ రాలేదు. 1998లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు ఆ ప్రయత్నం మానుకోమన్నారు. మిల్లు నుంచి ముడినూనె తెచ్చుకుని వంటకు వాడటం ఎందుకు తప్పో దీన్నిబట్టి తెలుస్తుంది.

గ్లూకోజు – దాగి ఉన్న ఆల్డిహైడ్

గ్లూకోజు ఆల్డిహైడ్, ఫ్రక్టోజు కీటోను. కాని నీటిలో గ్లూకోజు దాదాపు అంతా వలయరూపంలోనే ఉంటుంది. తన ఆల్కహాలు సమూహం తన కార్బొనిల్‌కే కలిసి హెమిఎసిటాల్ అవుతుంది. తెరుచుకున్న ఆల్డిహైడ్ రూపం వెయ్యిలో ఒకటి కూడా ఉండదు. అందుకే అది షిఫ్ కారకానికి గులాబీ రంగు ఇవ్వదు, బైసల్ఫైటుతో అవక్షేపం ఇవ్వదు. మరి ఫెహ్లింగ్ ద్రావణాన్ని ఎలా క్షయకరణం చేస్తుంది? ఉన్న ఆ కాస్తా ఖర్చయినకొద్దీ వలయాలు తెరుచుకుంటూ ఉంటాయి. చెలమలో నీళ్లు తోడినకొద్దీ ఊరినట్లు.

షుగరు వ్యాధి ఉన్నవాళ్లకు మూడు నెలలకొకసారి “హెచ్‌బి ఎ1సి” అనే రక్తపరీక్ష చేస్తారు. అది కూడా మన పాఠమే. రక్తంలోని గ్లూకోజు ఆల్డిహైడ్ సమూహం హీమోగ్లోబిన్ గొలుసు చివరనున్న ఎమీన్‌తో షిఫ్ క్షారం ఏర్పరుస్తుంది. తర్వాత అది అమడోరి పునర్విన్యాసం చెంది కీటోనుగా స్థిరపడుతుంది. ఎర్రరక్తకణం ఆయుష్షు సుమారు 120 రోజులు. అన్ని రోజుల చక్కెర లెక్కా దాని మీద రాసి ఉంటుంది. పరీక్ష ముందు రెండు రోజులు తీపి మానేసినంత మాత్రాన అది మాసిపోదు.

ఆక్సీకరణం – పరీక్షల్లో పొరపాట్లు

ఆల్డిహైడ్‌లోని ఆ ఒక్క హైడ్రోజన్ ఇక్కడ పనికొస్తుంది. అది ఉండటం వల్లనే ఆల్డిహైడ్ తేలికగా ఆక్సీకరణం చెంది ఆమ్లమవుతుంది. కీటోనును ఆక్సీకరణం చెయ్యాలంటే కార్బన్–కార్బన్ బంధం తెగాలి, అది తేలిక కాదు. టాలెన్స్, ఫెహ్లింగ్ పరీక్షల ఆధారం ఇదే. కాని ఈ కింది మినహాయింపుల దగ్గర మనలో చాలామంది మార్కులు పోగొట్టుకుంటాం.

1. బెంజాల్డిహైడ్ టాలెన్స్‌కు వెండి అద్దం ఇస్తుంది, ఫెహ్లింగ్‌కు ఇవ్వదు.

2. ఫ్రక్టోజు కీటోనే అయినా రెండు పరీక్షలూ ఇస్తుంది. కారకంలోని క్షారం వల్ల అది కొంత గ్లూకోజుగా, మానోజుగా మారుతుంది. కాబట్టి “ఫెహ్లింగ్ వచ్చింది, ఆల్డిహైడే” అని తొందరపడి రాయకూడదు.

3. అయొడోఫామ్ పరీక్ష మిథైల్ కీటోనులది. ఆల్డిహైడ్లలో ఎసిటాల్డిహైడ్ ఒక్కటే ఇస్తుంది. ఇథైల్ ఆల్కహాలు కూడా ఇస్తుందని మర్చిపోకూడదు.

4. టాలెన్స్ కారకాన్ని అప్పటికప్పుడు చేసుకుని, పని కాగానే సజల నత్రికామ్లం పోసి పారబోయాలి. నిలవ ఉంచితే పేలే గుణమున్న పదార్థం ఏర్పడుతుంది.

ఆల్ఫా హైడ్రోజన్ – పత్తిపువ్వు, పండు మిరప

కార్బొనిల్ పక్క కార్బన్ మీది హైడ్రోజన్‌ను ఆల్ఫా హైడ్రోజన్ అంటాం. క్షారం దాన్ని లాగితే మిగిలిన అణువే న్యూక్లియోఫైల్ అయి ఇంకొక కార్బొనిల్ మీద దాడి చేస్తుంది. ఇది ఆల్డాల్ సంఘననం. ఆల్ఫా హైడ్రోజన్ లేని ఫార్మాల్డిహైడ్, బెంజాల్డిహైడ్ గాఢ క్షారంతో కానిజారో చర్య జరుపుతాయి. ఒక అణువు ఆమ్లం (లవణరూపంలో), ఒక అణువు ఆల్కహాలు. కానిజారో దీన్ని 1853లో బెంజాల్డిహైడ్‌తో చూశాడు.

ఎసిటోఫినోన్, బెంజాల్డిహైడ్‌లను ఆల్డాల్ తరహాలో కలిపితే చాల్కోన్ వస్తుంది. చాల్కోనుల నుంచి ఫ్లేవోనులు, ఫ్లేవొనాల్‌లు తయారు చేస్తారు. పువ్వుల్లోని ఎన్నో పసుపు రంగులు ఈ జాతివే, అన్నిటిలోనూ కీటోను సమూహం ఉంటుంది. ఇక్కడ మనం గర్వంగా తలచుకోవలసిన పేరు ఆచార్య టి. ఆర్. శేషాద్రి (1900–1975). 1930ల నుంచి 1949 వరకు వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పనిచేస్తూ, శిష్యులతో కలిసి పత్తిపువ్వుల రంగుద్రవ్యాలను వేరుచేసి నిర్మాణాలు తేల్చారు. మేం చేలో తొక్కుకుంటూ తిరిగిన పువ్వులను ఆయన పరీక్షనాళికలో పెట్టి చూశారు.

మిరపకాయ కూడా ఈ పాఠం దాటి పోలేదు. పండు మిరప ఎరుపుకు ముఖ్య కారణం కాప్సాంథిన్, అది ఒక కీటోను. ఒకటి విడిచి ఒకటిగా పొడుగునా ద్విబంధాలు, చివర వాటికి ఆనుకుని కార్బొనిల్. ఆ వరస తెగితే రంగు పోతుంది. కల్లంలో ఎక్కువరోజులు ఎండకు, గాలికి పడివున్న కాయ వెలిసిపోయేది అందుకే. ఇక కారం. వెనిలిన్ అనే ఆల్డిహైడ్‌ను మిరప మొక్క తన ఎంజైముతో వెనిలిల్ ఎమీన్‌గా మారుస్తుంది, దానినుంచే కాప్సైసిన్ తయారవుతుంది. ఆ ఎంజైము చెడిపోయిన రకాల్లో కాయకు కారం ఉండదు.

ముగింపు

మిత్రులారా! పొలం నుంచి కాలేజీకి వచ్చిన మనలో చాలామంది ఈ రెంటికీ సంబంధం లేదనుకుంటాం. పొలం అమ్మానాన్నలది, సీసాలు మనవి అనుకుంటాం. నేనూ మొన్నటిదాకా అలాగే అనుకున్నాను. నాయనమ్మ దూడ చెవి పట్టుకుని లాగినప్పుడు ఆమెకు గాసిపోల్ తెలియదు, అయినా దూడ బతికింది. నాకు సయనోహైడ్రిన్ నిర్మాణం రాయడం వచ్చాక కూడా అది మా చేలో ఉందని తెలియలేదు. ఆమె తెలివి, మన చదువు కలవాలి.

మొన్న సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు నాన్నకు కాగితం మీద ఆ రెండు బాణాలు గీసి చూపించాను. ఆయన కాసేపు చూసి, “ఈ వెనక్కొచ్చే బాణాన్ని ఆపేదెట్లా?” అని అడిగారు. పూతకు రాకుండా జొన్న కొయ్యకపోతే చాలు నాన్నా అన్నాను. తర్వాత కొట్టంలోకి వెళ్లి పలుపులు సరిచూసి వచ్చాను.